మెట్లబావి ఒప్పందం

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ఏనాడూ ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. మా ఆవిడ మాత్రం తడుముకోకుండా చెప్పేది: “ఊళ్ళు తిరిగి మనుషుల్ని కూసోబెడ్తడు, మళ్ళ లేపి ఇంటికి తోలుతడు.” కాగితం మీద నేను గ్రామసేవక్‌ని. పది ఊళ్ళకు ఒకణ్ణి. విత్తనాలు, ఎరువు, కోళ్ళు, మరుగుదొడ్లు, బావులు అన్నీ నా నెత్తినే ఉండేవి. కానీ వీటిలో ఏ పని కావాలన్నా ముందు ఊరు కూర్చుని ఒక మాట మీదికి రావాలి. అందుకని నిజానికి మా ఆవిడ చెప్పిందే నా ఉద్యోగం.

ఈమధ్య మా తమ్ముడి మనవరాలు ఒక సంస్థలో చేరింది. ఆడవాళ్ళ సంఘాలను సమావేశపరిచి మాట్లాడించడం ఆమె పని. “తాతా, నువ్వు గింత సర్వీసు చేసినవ్ గద, పది మందిని కూసోబెట్టి మాట్లాడిపిచ్చుడు ఎట్లనో జర చెప్పు” అని అడిగింది. చెప్పబోయి ఆగిపోయాను. చెప్పడానికి నాలుగు సూత్రాలు లేకపోలేదు. వాటిని నమ్మాలో వద్దో నాకే తెలియదు. అందుకే సూత్రాలు పక్కన పెట్టి ఒక్క బావి సంగతి రాస్తున్నాను. నా సర్వీసులో నేను నడిపిన సభలన్నిటిలో బాగా నడిచినదీ అదే, ఎందుకు చేశానా అని ఇప్పటికీ బుర్ర గోక్కునేదీ అదే.

శిక్షణలో చెప్పింది

నేను ఉద్యోగంలో చేరింది నైజాం పాలన పోయి కొన్నేళ్ళయ్యాక. మెట్రిక్ ఉర్దూలో చదివినవాణ్ణి. శిక్షణ తెలుగులో, పుస్తకాలు ఇంగ్లీషులో, ఊళ్ళో మాట్లాడాల్సింది ఊరి భాషలో. తాండూరు దాటి పడమటికి పోతే సగం కన్నడం. మొదటి ఏడాదంతా నేను ఏ భాషలో తికమకపడుతున్నానో కూడా తెలియకుండా గడిచిపోయింది.

శిక్షణలో సభ ఎలా జరపాలో నేర్పారు. జనాన్ని అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టాలి. ఊరి పెద్దను ముందు కలుపుకోవాలి. విషయం వివరించాలి. అందరికీ సమ్మతమేనా అని అడిగి తీర్మానం రాసి వేలిముద్రలు వేయించాలి. నేను బుద్ధిగా నోటు పుస్తకంలో రాసుకున్నాను, బొమ్మతో సహా. ఆ అర్ధచంద్రంలో నేనెక్కడ కూర్చోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పొరపాటు అక్కడే మొదలైంది.

అందరూ సరే అన్నారు

ఊరి పేరు రాయను. తాండూరులో రైలు దిగి బండి మీద ఒక పూట ప్రయాణం. నల్లరేగడి, కంది చేలు. ఊరి మధ్య పాత దిగుడుబావి. చుట్టూ నాపరాళ్ళ మెట్లు. ఆడవాళ్ళు మెట్లు దిగి మోకాటి లోతు నీళ్ళలో నిలబడి కడవ ముంచుకునేవారు.

ఆ ఊళ్ళో ఇంటికొక నారికురుపు. ఈ తరం వాళ్ళు చూసి ఉండరు. కాలిలోంచి దారంలా పురుగు బయటికొస్తుంది. దాన్ని తెంపకూడదు. చిన్న పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెంగా లాగాలి. తెగితే కాలంతా చీము. సరిగ్గా విత్తనాల కాలానికి సగం ఊరు మంచాన పడేది. పురుగున్న కాలు నీళ్ళలో పెడితే దాని పిల్లలు బావిలో చేరతాయి, ఆ నీళ్ళు తాగినవాళ్ళకు మళ్ళీ ఏడాదికి పురుగు. మందు లేదు. మెట్లు మూసేసి, గోడ కట్టి, గిరక పెట్టి పైనుంచి చేదుకోవడం ఒక్కటే దారి. సిమెంటూ గిరకా సర్కారు ఇస్తుంది, రాళ్ళు మోసి కట్టే పని ఊరిది.

ఇంత చిన్న విషయానికి ఎవరు కాదంటారు? నేనలాగే అనుకున్నాను.

ఆ ఊళ్ళో సోమవారం ఎడ్లకు సెలవు, నాగలి కట్టరు. కనుక సోమవారం పొద్దున్నే సభ పెట్టాను. చావడి ముందు జనం కూర్చున్నారు. ఊరి పెద్ద పటేల్ తన కుర్చీ పక్కన నాకూ ఒక కుర్చీ వేయించాడు. మంచి మనిషే, మాట మెత్తన. నేను కూర్చుని పురుగు సంగతంతా చెప్పాను. బొమ్మల అట్ట చూపించాను. “వచ్చే సోమవారం పని మొదలుపెడదాం, ఇంటికొకరు రావాలి. అందరికీ సమ్మతమేనా?” అన్నాను.

“సరే సారూ” అని ఒక్క గొంతుతో అన్నారు.

తీర్మానం రాశాను. వేలిముద్రలు పడ్డాయి. తిరిగి వస్తూ బండిలో కూనిరాగం కూడా తీశానని గుర్తు.

తర్వాతి సోమవారం పారలు, గంపలు, సిమెంటు బస్తాలతో బావి దగ్గర నిలబడ్డాను. ఒక్కడూ రాలేదు. పొద్దెక్కింది. ఒక ముసలాయన బీడీ కాలుస్తూ అటుగా వచ్చి, “ఎవ్వలు రాలేదా సారూ?” అని నిజంగా జాలిపడి వెళ్ళిపోయాడు. ఆయన వేలిముద్ర కూడా నా కాగితం మీద ఉంది.

ఇంకో సభ పెట్టాను. మళ్ళీ సరే అన్నారు, మళ్ళీ రాలేదు. మూడోసారీ అంతే. అబద్ధాలకోరులా అంటే కాదు. నన్ను ప్రేమగా పిలిచి మజ్జిగ పోసేవారు. నాకు మతి పోయింది. మా బి.డి.ఓ. గారు మాత్రం తీర్మానం చూసి, “ఏకగ్రీవం అని ఉందిగా, ఇంకా పని ఎందుకు కాలేదు?” అని కేకలు వేశారు. ఆయన ప్రశ్నే నా ప్రశ్న కూడా. ఆ మాట ఆయనతో అనే ధైర్యం లేకపోయింది.

సుగుణమ్మ గారి చేతిగడియారం

అప్పుడు మా బ్లాకుకు ముఖ్యసేవికగా సుగుణమ్మ గారు ఉండేవారు. ఆడవాళ్ళ కార్యక్రమాలు చూసే అధికారి. వితంతువు, మాట కటువు, చేతికి మగవాళ్ళ గడియారం. నా మొర విని నాలుగో సభకు వికారాబాదు నుంచి రైల్లో వచ్చారు. సభ జరుగుతున్నంతసేపూ వెనక ఆడవాళ్ళ మధ్య చాప మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు.

తాండూరు స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు అడిగారు: “గంటసేపు సభ జరిగిందా? అందులో నువ్వెంతసేపు మాట్లాడావు?”

“ఓ పావుగంట ఉంటుందండి.”

“గడియారం చూస్తూనే ఉన్నాను. ముప్పావుగంట నువ్వే మాట్లాడావు. మిగతా పావుగంటలో పటేల్ మాట్లాడాడు. ఊరు ఒక్క మాట అంది, సరే అని. అది కూడా నువ్వు లేచి వెళ్ళాలని అన్నారు.”

నాకు కోపమొచ్చింది. “మరి అడిగితే వాళ్ళు మాట్లాడరు కదండీ!”

“నువ్వు పిలిచిన చోట మాట్లాడరు. వాళ్ళు రోజూ ఎక్కడ మాట్లాడుకుంటారో అక్కడికి పో. పోయి నోరు మూసుకుని కూర్చో” అన్నారు.

అధికారుల నుంచి నేను అందుకున్న సలహాల్లో పనికొచ్చింది ఇదొక్కటే అని ఇప్పటికీ అంటాను. అప్పుడు మాత్రం రైలు ధారూర్ దాటేదాకా మొహం అటు తిప్పుకుని కూర్చున్నాను.

మూడు చోట్ల విన్నది

మొదట గొర్రెలు కాసే మల్లయ్య దగ్గరికి పోయాను. గొర్రెలకు బొచ్చు కత్తిరిస్తున్నారు. నలుగురైదుగురు మగవాళ్ళు చేరి నవ్వుకుంటూ పని చేస్తున్నారు. నేను ఒక గొర్రె కాళ్ళు పట్టుకుని కూర్చున్నాను. బావి ఊసెత్తలేదు. పట్టుకోవడం చేతకాక రెండుసార్లు తన్నులు తిన్నాక మల్లయ్యే ఎత్తాడు.

“బాయి కాడికి ఎందుకు రాలేదని మనసుల ఉన్నది గద సారూ నీకు?”

“ఉంది మల్లయ్యా.”

“నువ్వు పటేలు పక్కపొంటి కుర్సీల కూసున్నవ్. పనికొస్తరా అని అడిగినవ్. పటేలు ముందట రానని ఎవడంటడు? దొరల కాలంల గిట్లనే పిలిచేటోళ్ళు, బండి కట్టుమని, గడ్డి మొయ్యిమని. సరే అనేటోళ్ళం. వీలైతే పోయేటోళ్ళం, లేకుంటే గొర్లను తోలుకొని అడివిల వడేటోళ్ళం. కాదనుడు మాకు నేర్పనేలేదు సారూ, రాకుండుడు ఒక్కటే నేర్చుకున్నం.”

“మరి నాతోనైనా ముందే చెప్పొచ్చుగా?”

“గిప్పుడు చెప్తున్న గద!” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నేను శ్రమదానం అంటున్నదాన్ని వాళ్ళు కొత్త వెట్టి అనుకుంటున్నారన్నమాట.

తర్వాత మల్లయ్య భార్య లచ్చవ్వ. ఆమెకు వెట్టితో పేచీ లేదు. “మెట్లు మూస్తే మేము ఏడ కూసోవాలె? గాడ కిందికి దిగి జరంతసేపు కూసుంటం, కడుపుల మాట చెప్పుకుంటం. అత్త కండ్లకు కానరాం. గిరక కాడ నిలవడితే ఊరంత సూస్తది” అంది. పుస్తకంలో లేని కారణం. అట్ట మీద బొమ్మలేసినవాడికి ఇది తట్టి ఉంటుందా? గిరక పక్కనే గోడ చాటున కూర్చునేందుకు బండలు పరిస్తే ఎలా ఉంటుందని అడిగాను. ఆలోచించి, “గట్లయితె సూస్తం” అంది. నా నోటు పుస్తకంలో మొదటిసారి సరే కాని మాట ఒకటి రాసుకున్నాను.

మూడోది ఊరి చివర క్రైస్తవుల ఇళ్ళు. ఆదివారం ప్రార్థన అయ్యాక పోయాను. మరియమ్మ అరుగు మీద కూర్చుని పదేళ్ళ కూతురు ఎస్తేరు కాలికి పుల్ల చుడుతోంది. పిల్ల పళ్ళు బిగబట్టి ఏడవకుండా ఉంది. నేను పక్కకు చూశాను.

“పోయినేడు నాకు, గీ ఏడు బిడ్డకు” అంది మరియమ్మ. “నేను పండుకుంటె కూలి పోతది. అది పండుకుంటె దాన్ని ఎత్తుకొని తిరగలేక కూలి పోతది. మెట్లు మూస్తె మంచిదే సారూ. ఎవ్వలకన్న ముందు నాకే మంచిది.”

“మరి మీరెవరూ పనికి రాలేదేం?”

ఆమె పుల్లకు ఇంకో చుట్టు చుట్టింది. నేను సుగుణమ్మ గారిని తలచుకుని నోరు మూసుకున్నాను. చివరికి చెప్పింది. క్రైస్తవులైనా అంటు పోలేదు, వాళ్ళను బావి మెట్లు దిగనివ్వరు. పైన కడవ పెట్టుకుని నిలబడితే, నీళ్ళు ముంచుకుని పైకొచ్చే ఆడవాళ్ళు ఎవరో ఒకరు ఎత్తి పోస్తారు. కొన్ని రోజులు వెంటనే, కొన్ని రోజులు రెండు గంటలకు. మెట్లు మూసేస్తే ఎవరి చేద వాళ్ళు చేదుకుని పోతారు. “అప్పుడు మాకెవ్వలు పోస్తరు? బాయి మూసేటందుకు రాళ్ళు మొయ్యాలె, మా నోరు గూడ మేమే మూసుకోవాల్నా?”

నాలుగు సభల్లో ఆమె చివర కూర్చుని ఉంది. నాలుగుసార్లూ సరే అంది. ఆమె పెదాలు కదలడం నేను చూశాను కూడా.

అయిదో సభ

అయిదో సభ నేను నేర్చుకున్నదంతా పెట్టి జరిపాను. కుర్చీలు లేవు. చావడి దగ్గర కాదు, బావి గట్టు మీదే. పటేల్‌ను ముందురోజే కలిసి, “మీరు చివర్లో మాట్లాడండి, లేకపోతే మిగతావాళ్ళు మాట్లాడరు” అని దండం పెట్టి చెప్పాను. ఆయన చిత్రంగా చూసి ఒప్పుకున్నాడు. పని ఒక్కరోజు కాదు, ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు రావచ్చు, రానివాళ్ళ పేరు ఎవరూ రాయరు అని చెప్పాను. ఆ తర్వాత సమ్మతమేనా అని అడగలేదు. “మెట్లు మూస్తే ఎవరికి కష్టం?” అని అడిగి ఊరుకున్నాను.

నిశ్శబ్దం. మనసులో అంకెలు లెక్కపెట్టుకున్నాను. వంద దాటింది. నా ఉద్యోగంలో అంత భారంగా ఇంకే పనీ చేయలేదు. మీరు ఈ పనిలోకి వస్తే ముందు అదే నేర్చుకోండి.

లచ్చవ్వ లేచి బండల సంగతి అడిగింది. ఆడవాళ్ళు నవ్వారు, మగవాళ్ళు ఒప్పుకున్నారు. మల్లయ్య గొర్రెలకు నీళ్ళ తొట్టి కావాలన్నాడు. వాదించుకున్నారు, అరుచుకున్నారు. ఒకాయన కన్నడంలో తిట్టి మళ్ళీ తెలుగులో సర్దుకున్నాడు. నేను పులకించిపోయాను. ఊరు మాట్లాడుతోంది!

అప్పుడు చివర నుంచి మరియమ్మ లేచి నిలబడింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని అడిగింది: “గిరక పెడితే తాడు మేము వట్టొచ్చా?”

అందరూ ఆగిపోయారు.

నేను మళ్ళీ లెక్క మొదలుపెట్టాను. ఇరవై, ముప్పై. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. లచ్చవ్వ నేల మీద పుల్లతో గీస్తోంది. నలభై. ఎవరైనా “వట్టొచ్చు” అంటారని నాకు ఎందుకో ఆశ. “వట్టొద్దు” అంటే ఏం చేయాలో తెలియని భయం. సర్కారు నౌకరుగా నేను అనాల్సిన మాట ఒకటుంది. అంటరానితనం నేరమని చట్టం చెబుతోంది, సర్కారు సొమ్ముతో కట్టే బావి అందరిదీ అని చెప్పాలి. చెబితే సభ లేచిపోతుందేమో, నాలుగు నెలల కష్టం నీళ్ళపాలవుతుందేమో అని నోరు పెగల్లేదు.

యాభైకి చేరకముందే పటేల్ గొంతు సవరించుకున్నాడు. “గింత దానికి పరేషాన్ ఎందుకు? ఆ దిక్కు ఇంకో గిరక పెడదాం. వాళ్ళది వాళ్ళకు, మనది మనకు.”

సభంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. “మంచి మాట”, “గది సక్కగుంది” అని అన్నివైపుల నుంచీ అన్నారు. ఈసారి సరే అన్నది లేచిపోవడానికి కాదు, నిజంగానే అన్నారు. అందరికన్నా గట్టిగా “మంచి ఆలోచన పటేల్ గారూ” అన్నది నేను.

మర్నాడు పొద్దున్నే అరవై మంది వచ్చారు. మరియమ్మ కూడా వచ్చింది, కూతుర్ని గట్టు మీద కూర్చోబెట్టి రాళ్ళు మోసింది. పదిహేను రోజుల్లో మెట్లు మూతపడ్డాయి. తూర్పున ఒక గిరక, పడమట ఒక గిరక. బి.డి.ఓ. గారు వచ్చి కొబ్బరికాయ కొట్టి, ఏ ఊళ్ళోనూ ఇంత ఐకమత్యం చూడలేదన్నారు.

తర్వాత

సుగుణమ్మ గారికి రిపోర్టు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను, మెచ్చుకుంటారని. మొత్తం చదివారు. “ఆ రెండో గిరక ఎవరడిగారు?” అన్నారు.

“పటేల్ గారు సూచించారండి. అందరూ ఒప్పుకున్నారు.”

“అందరూ అంటే మరియమ్మ కూడానా?”

ఆమె పనికి వచ్చిందిగా అన్నాను. సుగుణమ్మ గారు కాగితం నా చేతిలో పెట్టి, “వెళ్ళి అడుగు” అన్నారు, అంతే.

నిజం చెప్పాలంటే, అడగడానికి నాకు ఏడాది పట్టింది. ఏదో ఒక పని అడ్డం వచ్చేది, లేదా నేనే తెచ్చుకునేవాణ్ణి. ఆ ఏడాదిలో ఊళ్ళో కొత్తగా నారికురుపు వచ్చినవాళ్ళు బాగా తగ్గిపోయారు. ఎస్తేరు కాలు మానింది, కొంచెం కుంటేది. ఇదంతా మంచిదే కదా? మెట్లు అలాగే ఉంచి, చట్టం చెప్పి, ఊరిని రెండుగా చీల్చి వచ్చేసి ఉంటే ఆ పిల్లకు రెండో కాలికి కూడా పుల్ల చుట్టేవారు కదా? మా మనవరాలితో ఇలాగే వాదించాను. ఆ పిల్ల విని, “అయితే మంచిగనే చేసినవా తాతా?” అంది. అంతకుముందు ఆ ఊళ్ళో ఎవరు ఎక్కడ నిలబడాలో అలవాటు చెప్పేది. ఇప్పుడు సర్కారు సిమెంటు చెబుతోంది. అది పోసింది నేను.

ఏడాది తర్వాత పోయినప్పుడు మరియమ్మ పడమటి గిరక దగ్గర నీళ్ళు చేదుతోంది. అవతలి గిరక దగ్గర లచ్చవ్వ, ఇంకో ఇద్దరు. పలకరించి, కుశలమడిగి, చివరికి అన్నాను: “ఇప్పుడు బాగుంది కదా మరియమ్మా, మీ గిరక మీకుంది.”

“మంచిగనే ఉన్నది సారూ. ఇగ ఎవ్వలను బతిమాలే పని లేదు.” బొక్కెన పైకి లాగి కడవలో ఒంపింది. మళ్ళీ తాడు వదలబోతూ ఆగింది. కోపమేమీ లేదు గొంతులో, మామూలుగానే చెప్పింది.

“కని ఆ దినం నేను ఇంకో గిరక అడగలేదు సారూ. తాడు వట్టొచ్చా అనడిగిన. దానికి ఎవ్వలు జవాబు చెప్పలె. నువ్వు గూడ చెప్పలె.”